అతుకబడిన రెండు సగములు

ధ్యానమునకు: ఎఫెసీయులకు 4:16, మత్తయి 5:23, 24



సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములలో కాపురముండు మనకు విమానము క్రొత్త వస్తువు కాదు. దుండిగల్లులో వైమానిక దళపు విద్యాలయము ఉన్నది గదా. శిక్షణ పొందు యువకుల చిన్న విమానములు ఆకాశమున తిరుగుట మనలో అనేకులము చూచియున్నాము. నాటు వేయు స్త్రీ నడుము ఎత్తి, కంటికి చేయి అడ్డము పెట్టి ఒక క్షణము పైకి చూచి మరల వంగును. అయితే ఈ నెల మేము మీతో ముచ్చటింపగోరునది ఆకాశములోని విమానమునుగూర్చి కాదు. ఒక ఇంటి అరుగుమీద, జానెడు పొడవైనను లేని ప్లాస్టిక్ విమానమునుగూర్చి. దానిని అతికించుట చూచుచు మేము నేర్చుకొనిన దానిని మీ యెదుట పెట్టుచున్నాము.

మా సంఘములో ఇద్దరు అన్నదమ్ములున్నారు. వారి పేర్లు వ్రాయము, ఊరి పేరును వ్రాయము. వ్రాయనక్కరలేదు, ఇట్టి అన్నదమ్ములు మన ప్రతి ఊరిలోను ఉన్నారు. తండ్రి విడిచిపోయినది మూడెకరముల చెలక. అందులో జొన్నలు, కందులు పండిన కాలమున ఆ చెలకనుగూర్చి ఏ తగవును లేదు. తరువాత ఫ్యాక్టరీలు వచ్చినవి, రోడ్లు వెడల్పయినవి, గజముల లెక్కన భూమి అమ్ముడుపోవు దినములు వచ్చినవి. పెద్దవాడు కుమార్తె పెండ్లికని రోడ్డు ప్రక్క ముక్కను అమ్మెను. చిన్నవాడు తన భాగము సరిగా ముట్టలేదనెను. పెద్దవాడు తండ్రి మందుల ఖర్చు ఎవరు భరించిరని అడిగెను. మాటకు మాట పెరిగెను. మూడిండ్ల దూరమున కాపురముండియు ఐదేండ్లు ఒకరి గడప ఒకరు త్రొక్కలేదు.

అయినను ఇద్దరును ఆదివారము గుడికి వచ్చుచునే యుండిరి. ఇద్దరును కానుక వేయుచునే యుండిరి. ప్రభు భోజనపు ఆదివారమున మాత్రము ఒకడు మోకరించి లేచి తన చోటికి పోయిన తరువాతగాని రెండవవాడు కదలడు. ఒకటే రొట్టె, ఒకటే పాత్ర. నడుమ మాత్రము కంటికి కనబడని గోడ. మేము పలుమారులు ఇద్దరి యింటికిని వెళ్లి బ్రతిమాలితిమి. పెద్దవాడు, "వాడు ముందుగాల నా ఇంటికి రావాలె అయ్యగారూ, అప్పుడు నేను మాట్లాడుత" అనెను. చిన్నవాడు, "ఆయన పెద్దోడు, ముందుగాల ఆయన పిలువాలె" అనెను. ఇద్దరి మాటయు న్యాయముగానే కనబడెను. ఐదేండ్లు ఆ రెండు న్యాయములు ఎదురెదురుగా నిలిచియుండెను.

డిసెంబరు నెల మొదటి ఆదివారమునకు ముందటి శుక్రవారము సాయంకాలమున మేము పెద్దవాని యింటికి వెళ్లితిమి. పదియేండ్ల కుమారుడు అరుగుమీద కూర్చుండి, మేనమామ హైదరాబాదునుండి తెచ్చియిచ్చిన పెట్టె ముందు పెట్టుకొని యుండెను. అది స్పిట్‌ఫైర్ అను పాతకాలపు యుద్ధ విమానపు నమూనా. ముక్కలుగా వచ్చును, ఎవరికి వారు అతికించుకొనవలెను. రెక్కలు, తోక, చక్రములు, మొటిక వ్రేలి గోరంత ఆసనము అన్నియు ఒక ప్లాస్టిక్ చట్రమునకు, తీగెకు కాయలవలె వ్రేలాడుచుండును. విమానపు దేహము ఎడమ సగము, కుడి సగము అని రెండు ముక్కలుగా నుండును.

"జూడుండ్రి అయ్యగారూ, అయిపాయె" అని వాడు విమానమును పైకెత్తెను. ఎత్తిన చేతిలోనే దేహము నిలువునా రెండుగా విచ్చుకొనెను. లోపలి ఆసనము జారి అరుగు క్రింద పడెను. వాడు కాగితములంటించు బంకతో అతికించియుండెను. పిల్లవాని కండ్లలో నీళ్లు తిరిగెను. "మా చిన్నాయనకైతే తెలుసు. ఆయన చేసేది ప్లాస్టిక్ పనే గద" అని మెల్లగా అనెను.

ఆ మాటతో ఇల్లంతయు నిశ్శబ్దమయ్యెను. మేమును ఏమియు పలుకలేదు. తల్లి పొయ్యి దగ్గరనుండి తొంగి చూచెను. కొంత సేపటికి తండ్రి తల యెత్తకయే, "పో, పిలుసుకరా" అనెను.

చిన్నవాడు పటాన్‌చెరులో ప్లాస్టిక్ వస్తువులు పోయు మోల్డింగు మిషనుమీద పని చేయును. అప్పుడే షిఫ్టు దిగి వచ్చియుండెను. గడప దగ్గర నిలిచి, అన్నను కాక మమ్మును చూచి, "వందనాలు అయ్యగారూ" అనెను. లోపలికి రాలేదు. గడపమీదనే కూర్చుండి ఆ రెండు సగములను చేతిలోనికి తీసికొని త్రిప్పి చూచెను.

"బంకతోని ఇది ఆగదు బిడ్డా. బంక నడుమల ఉంటది. అటు ముక్కలకు పోదు, ఇటు ముక్కలకు పోదు. ఎండినంక అదే పెచ్చు లెక్క ఊడుతది. దీనికి వేరే మందున్నది, రేపు తెస్త" అని చెప్పి వెళ్లిపోయెను.

శనివారము సాయంకాలము మేము మరల వెళ్లితిమి. ఆ విమానమును చూచుటకని చెప్పితిమి గాని, మా ఆశ విమానముమీద కాదు, ఆ గడపమీద. చిన్నవాడు ఒక చిన్న సీసాతో వచ్చెను. ఈసారి గడప దాటెను. ఆ మందు వాసన తలకెక్కునని కిటికీ తెరిపించెను. నిప్పంటుకొను గుణము గలదని పొయ్యికి దూరముగా కూర్చుండజేసెను. తరువాత పని ఆరంభించి, పిల్లవానికి ఒక్కొక్కటి చెప్పుచు వచ్చెను. మేము విన్నది మీకును చెప్పెదము.

మొదట అతడు ఆ రెండు సగములు ఎట్లు పుట్టినవో చెప్పెను. ప్లాస్టిక్ మొదట చిన్న చిన్న గింజలుగా వచ్చును. ఫ్యాక్టరీలో దానిని దాణా అందురు. దానిని మిషనులో వేసి, వేడితో కరిగించి, గొప్ప ఒత్తిడితో ఉక్కు అచ్చులోనికి నెట్టుదురు. చల్లారగానే అచ్చు తెరచుకొని వస్తువు బయటపడును. "ఈ రెండు సగాలు ఒక్కటే దాణా, ఒక్కటే వేడి, ఒక్కటే అచ్చు. ఒక్కపారే పుట్టినయి" అనెను. ప్రియులారా, మేము ఆ యిద్దరి ముఖములను చూచితిమి. ఒకే తల్లి గర్భమున పుట్టినవారు, ఒకే తొట్టి నీళ్లలో బాప్తిస్మము పొందినవారు. కలిసి పుట్టుట వేరు, కలిసి యుండుట వేరు. కలిసి పుట్టిన మాత్రమున అతుకబడినట్లు కాదు.

తరువాత అతడు ఒక చిన్న చాకు తీసి అంచులను గీకెను. పాత బంక, దాని క్రింద పిల్లవాడు తొందరపడి వేసిన రంగు, అచ్చులో మిగిలిన పలుచని పొర, అన్నిటిని గీకివేసెను. "అందమైన రంగు పాడైతున్నది గదా" అని పిల్లవాడు బాధపడెను. "పైన ఉంటే రంగు అందమే బిడ్డా. అతికే జాగల ఉంటే అడ్డమే. మందు రంగును తాకుతది గాని ప్లాస్టిక్‌ను తాకది" అని చిన్నాయన చెప్పెను. సంఘములో మనకు ఎంత రంగు ఉన్నదో ఆలోచించుడి. ఎదురుపడినప్పుడు వందనములు, పెండ్లి పందిరిలో నవ్వులు, కూటములలో చక్కని ప్రార్థనలు. అవి పైన ఉండవలసినవే. అయితే సహోదరుని హృదయము మన హృదయమును తాకవలసిన చోట కూడ రంగే ఉన్నయెడల, ఏ ప్రసంగమును లోనికి దిగదు.

అటు పిమ్మట మందు లేకయే రెండు సగములను ఒకదానిమీద నొకటి పెట్టి, ఎక్కడ వెలుతురు కనబడుచున్నదో దీపమునకెదురుగా చూచెను. ఒకచోట ఎత్తు ఉన్నది, గీకెను. మరల పెట్టి చూచెను. మూడు మారులు అట్లు చేసెను. ఆ తరువాతనే సీసా మూత తీసి, సన్నని కుంచెను ముంచెను.

అప్పుడు ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నను మేము మరువలేము. "ఏ దిక్కు పూయాలె చిన్నాయనా? ముందుగాల ఏది కరగాలె?"

"ఏ దిక్కు కాదు బిడ్డా. రెండిటిని కలిపి పట్టుకోవాలె, నడుమ సందుల ఒక్క చుక్క పెట్టాలె. అదే సందు పొడుగూత పాకుతది. రెండు దిక్కుల ఒక్కసారే మెత్తబడతయి. మెత్తబడ్డ రెండంచులు ఒకదాంట్ల ఒకటి కలుస్తయి. మందేమో ఆరిపోతది. ఆఖరుకు బంక ఉండదు, అతుకు ఉండది, ఒక్కటే ప్లాస్టిక్ ఉంటది."

చిన్నవానికి కుంచె పట్టుటకు ఒక చేయి, ముక్కలు పట్టుటకు రెండు చేతులు కావలసి వచ్చెను. పిల్లవాని వ్రేళ్లు వణకుచుండెను. అప్పుడు పెద్దవాడు, నాగలి పట్టి కాయలు కాచిన తన చేతులు చాపి, "ఇటియ్యి, నేను పడుత" అనెను. ఐదేండ్లకు తమ్మునితో అతడు పలికిన మొదటి మాట అది. అన్న రెండు సగములను కలిపి పట్టుకొనెను, తమ్ముడు సందులో చుక్క పెట్టెను. ఆ చుక్క కంటియెదుటనే సన్నని గీతవలె ప్రాకిపోయెను.

ప్రియులారా, "ముందు వాడు మెత్తబడవలెను" అని మనమందరము చెప్పుచున్నాము. ఐదేండ్లుగా ఆ యింట వినబడినదియు అదియే. ముందు ఎవరు అను ప్రశ్నకు జవాబు లేదు. ఆ ప్రశ్నయే గోడ. పౌలు ఎఫెసీ సంఘమునకు వ్రాసిన రెండవ అధ్యాయములో, దూరస్థులను సమీపస్థులను క్రీస్తు ఎట్లు ఏకము చేసెనో చదువుడి. ఆయన ఒకరి పక్షమున నిలిచి రెండవవారిని వంచలేదు. నడుమకు వచ్చెను. గోడ యున్న చోటనే తన ప్రాణమును పెట్టెను. మనతో సమానముగా రక్తమాంసములు ధరించినందున మన లోనికి దిగగలిగెను. అట్లయిన, సహోదరునితో మాటలాడుటకు వెళ్లు ప్రతివాడు తన న్యాయమును కాదు, క్రీస్తును నడుమ పెట్టుటకు వెళ్లవలెను. అప్పుడు ముందు ఎవరు కరిగిరో లెక్క వ్రాయువాడు ఉండడు.

చుక్క పెట్టిన తరువాత ముక్కలను కదలకుండ పట్టుకొనవలెను. ఆ సమయమున పిల్లవాడు మమ్మును ఆ విమానపు కథ అడిగెను. యుద్ధపు బొమ్మ గదా అని మాకు మొదట కొంచెము సంకోచము కలిగిన మాట నిజము. అయినను తెలిసినది చెప్పితిమి. స్పిట్‌ఫైర్ మొదట 1936 మార్చి 5న ఇంగ్లండులో ఎగిరెను. అసలు విమానపు రెక్కలు ఈ కొననుండి ఆ కొనవరకు 36 అడుగుల 10 అంగుళములు. పిల్లవాని నమూనా 72వ వంతు. అనగా అసలులోని ఆరడుగులు ఇందులో ఒక అంగుళము. పెట్టెలోని గుర్తులలో యు.ఎం. అను అక్షరములు ఉండెను. అవి 152వ స్క్వాడ్రను గుర్తులు. ఆ దళమునకు హైదరాబాదు స్క్వాడ్రను అని పేరు, ఏలయనగా నిజాము ధనసహాయమునకు గుర్తుగా ఆ పేరు పెట్టబడెను. దాని చిహ్నములో నిజాము తలపాగా ఉన్నది. నమ్మకమైన మిత్రుడు అను అర్థముగల మాట దాని నినాదము. ఆ దళము 1940లో ఇంగ్లండు ఆకాశమునను, 1944, 1945లలో బర్మాలోను పోరాడెను. "మన హైదరాబాదేనా?" అని పిల్లవాడు ఆశ్చర్యపడెను.

మరియొకటియు చెప్పితిమి. 1940 సెప్టెంబరులో శత్రువుల బాంబులచేత సౌతాంప్టనులోని స్పిట్‌ఫైర్ కార్ఖానా పాడైపోయెను. అప్పుడు పనిని చుట్టుపట్ల పట్టణములలోని మోటారు షెడ్లకు, చాకిరేవు కొట్లకు పంచిపెట్టిరి. ఒక ఊరిలో రెక్క, ఒక ఊరిలో తోక. పురుషులతోపాటు అనేకమంది స్త్రీలును పని చేసిరి. ఒకరినొకరు చూడని చేతులు చేసిన ముక్కలు ఒకచోటికి తెచ్చినప్పుడు సరిగా అమరినవి. ఏలయనగా అందరి యెదుట ఉన్న నక్షా ఒక్కటే. మన పారిశ్రామిక ప్రాంతపు సంఘములలో ఇప్పుడు పది జిల్లాలవారు, పక్క రాష్ట్రములవారు కూర్చుండుచున్నారు. "వచ్చినవారు" అనియు "ఉన్నవారు" అనియు మనము విడదీయనేల? నక్షా ఒక్కటి కాదా? మాదిరి క్రీస్తు ఒక్కడే కాడా?

అట్టి నమూనాలు యుద్ధకాలమున ఆటకొరకు మాత్రమే చేయబడలేదు. 1942లో అమెరికా నౌకాదళము, ఆకాశమున వచ్చునది మిత్రుని విమానమో శత్రువు విమానమో గుర్తుపట్టుట నేర్పుటకు, 5,00,000 కొయ్య నమూనాలు చేసియిండని బడిపిల్లలను కోరెను. అవియు 72వ వంతు కొలతవే. శిష్యులను లోకము గుర్తుపట్టుటకు ప్రభువు ఇచ్చిన గుర్తు ఏది? యోహాను 13:35 తెరచి చూడుడి. గుడి గోపురము కాదు, మైకు శబ్దము కాదు. ఒకరియెడల ఒకరికి గల ప్రేమ. అన్నదమ్ములు మాటలాడని యింటిని చూచి పొరుగువాడు మనలను ఎవరని గుర్తుపట్టును?

పెద్దవాడు, "గీ బొమ్మలు మొదలు పెట్టినోళ్లు యుద్ధమే చూపిచ్చిండ్రా?" అని అడిగెను. కాదు. ఎయిర్‌ఫిక్స్ అను ప్రసిద్ధ కంపెనీ 1953లో స్పిట్‌ఫైర్ బొమ్మను అమ్మకమునకు పెట్టెను గాని, అంతకు ముందే, 1940ల కడపట, అది ఫెర్గూసన్ ట్రాక్టరు నమూనాను చేసియుండెను. ముందు దున్నునది, తరువాత కాల్చునది! యెషయా 2:4లో దేవుడు వాగ్దానము చేసినది దీనికి తిరుగుబాటు. ఆయుధములు సాగు పనిముట్లగు దినము వచ్చును. మూడెకరముల చెలక అన్నదమ్ములకు యుద్ధభూమి కాక మరల చెలక అగుట, ఆ దినపు తొలికిరణము కాదా?

మేము మాటలాడుచుండగా పెద్దవాని చేతులు నొప్పి పుట్టినవి. విడువబోయెను. "ఇంక కొద్దిసేపే అన్నా" అని తమ్ముడు అనెను. రబ్బరు బందులు తెచ్చి చుట్టి, తెల్లవారువరకు తాకవద్దనెను. సమాధానము చుక్క పడిన క్షణముననే గట్టిపడదు. మెత్తగా ఉన్నప్పుడు పట్టి చూచినయెడల వ్రేలిముద్ర నిలిచిపోవును. మందు ఎక్కువ పోసినను ప్లాస్టిక్ ముడుచుకొని చెడిపోవును. సమాధానపరచ వెళ్లు పెద్దలు దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక. ఒక చుక్క మాట చాలు. తరువాత కనిపెట్టవలెను. మాలోని దోషమును అదియే. ఐదేండ్లు సీసాలు సీసాలు పోసితిమి.

మరునాడు ఆదివారము. పిల్లవాడు తండ్రికిని చిన్నాయనకును నడుమ కూర్చుండెను. ప్రభువు బల్లయొద్దకు ఇద్దరును ఒకేసారి లేచి వచ్చి ప్రక్కప్రక్కన మోకరించిరి. రొట్టె ఇచ్చుచు మా చేయియు కొంచెము వణకెను. భూమి తగవు ఆ దినముననే తీరలేదు. తీరినదని వ్రాసి మిమ్మును మోసగించము. జనవరిలో ఇద్దరు పెద్దలయెదుట కాగితములు పెట్టుకొని లెక్క చూచుకొనుటకు వారు ఒప్పుకొనిరి. లెక్కలో ఒకనికి నష్టమే రావచ్చును. అయితే ఇప్పుడు ఆ లెక్క ఇద్దరు శత్రువులది కాదు, ఒక ఇంటిది. తప్పును దాచుమని ప్రభువు చెప్పలేదు. న్యాయముగా రావలసినది ఇయ్యవలసినదే. కాని కానుకను బలిపీఠముయొద్ద విడిచి ముందుగా సహోదరునియొద్దకు పొమ్మనెను.

ఒక్క మాట చెప్పి ముగించెదము. విమానము పూర్తియైనది, గూటిలో బైబిలు ప్రక్కన నిలిచియున్నది. అతుకు వెదకినను కనబడదు. అయినను అది ఎగురదు. యెహెజ్కేలు 37వ అధ్యాయములో ఎముకకు ఎముక చేరినది, నరములు వచ్చినవి, చర్మము కప్పినది. అప్పటికిని ప్రాణము లేదు. ఊపిరి దేవునియొద్దనుండి రావలెను. మన సంఘము చక్కగా అమరిన బొమ్మగా గూటిలో నిలిచిపోరాదు. మొదట అతుకబడుదము, అతుకబడిన వారిమీదికి ఆత్మ రావలెనని వేడుకొందము. పెంతెకొస్తు దినమున వారందరు ఒకచోట కూడియుండగానే గదా ఆత్మ దిగివచ్చెను.

చదువరీ, వచ్చు ప్రభు భోజనపు ఆదివారమునకు ముందు శనివారము ఒకటి ఉన్నది. నీవు త్రొక్కని గడప ఎవరిది?

ప్రార్థన: ప్రభువా, ఒకే మంటినుండి మమ్మును చేసితివి. మా అంచులమీది రంగును గీకివేయుము. ముందు ఎవరు అను మా ప్రశ్నను మాన్పి, మా నడుమ నీవే నిలువుము. మమ్మును మెత్తపరచి ఏకము చేసి, నీ ఊపిరితో లేవనెత్తుము. ఆమేన్.